బాత్రూంలో గ్లాస్ డోర్ పెట్టించాలంటే: కొలత నుంచి బిగింపు దాకా

హనుమకొండ, వరంగల్, కాజీపేటల్లో పాత బాత్రూం విప్పి కొత్తగా కట్టించుకునేవాళ్లు ఇప్పుడు షవర్ దగ్గర గ్లాసు కూడా అడుగుతున్నారు. దాని పని చిన్నదే: తడి ఒక మూలకే ఉండాలి, కమోడ్, వాష్ బేసిన్ ఉన్న వైపు పొడిగా ఉండాలి. ఈ చిన్న పని కూడా చాలా ఇళ్లలో సరిగా జరగదు. గ్లాసు బాగుంటుంది, నీళ్లు మాత్రం దాని కింద నుంచి దర్వాజ దాకా పారుతుంటాయి.

గ్లాసు ఆర్డర్ ఇచ్చేది అన్నిటికన్నా చివర. అది ఎక్కడ, ఎలా ఉండాలో మాత్రం టైల్స్ కొనక ముందే తేల్చుకోవాలి. టైల్స్ అయ్యాక గ్లాస్ షాపుకు వెళితే, గచ్చు వాలు, గోడ, నల్లాల చోటు అన్నీ అప్పటికే ఖాయమైపోయి ఉంటాయి. ఇక షాపతను చేసేది ఉన్నదాంట్లో సర్దడమే. అందుకే ఇక్కడ మేస్త్రీ పనిని ముందు చెబుతున్నాను, గ్లాసు సంగతి తర్వాత వస్తుంది.

1. ఇంట్లో ఎవరు ఎలా స్నానం చేస్తారు?

షవర్ పెట్టుకున్నంత మాత్రాన మన ఇళ్లలో బకెట్ పోదు. పెద్దవాళ్లు ప్లాస్టిక్ స్టూల్ మీద కూర్చుని మగ్గుతో పోసుకుంటారు. పిల్లలకు నూనె రాసి తలంటాలంటే పక్కన ఇంకొకరు కూర్చోవాలి. నల్లా నీళ్లు వచ్చే టైంకు పట్టుకున్న బకెట్లు కూడా అక్కడే ఉంటాయి. కంపెనీ బొమ్మల్లో కనిపించే షవర్ గదిలో ఇవేవీ ఉండవు.

కాబట్టి బకెట్ నల్లా గ్లాసుకు లోపలి వైపే రావాలి. కమోడ్ పక్కన బకెట్ నింపుకుని అక్కడే పోసుకుంటే, ఎంత ఖరీదైన గ్లాసు పెట్టినా బాత్రూం అంతా తడే. పాత పైప్‌లైన్‌లో నల్లా అటువైపు ఉంటే, గోడ పగలగొట్టే ఈ దశలోనే ఇటు మార్పించండి. ఇప్పుడైతే సగం పూట పని. టైల్స్ వేశాక అడిగితే ప్లంబర్ కూడా ఒప్పుకోడు.

తడి భాగానికి కనీసం 3 అడుగులు, 3 అడుగులు కావాలి. స్టూల్, బకెట్ కూడా పెట్టాలంటే 3 అడుగులు, 4 అడుగులు ఉంటే మేలు. 5 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవున్న బాత్రూంలో చివరి 3 అడుగులు షవర్‌కు వదిలితే మిగతావి సర్దుకుంటాయి. 4 అడుగులు, 6 అడుగులు ఉన్న గదిలో గ్లాస్ డోర్ పెట్టాలనుకుంటే నేనైతే వద్దనే అంటాను. అక్కడ మంచి వాలు, ఒక చిన్న గట్టు, వైపర్ చాలు.

ఇదే దశలో గీజర్ సంగతి కూడా చూడండి. గ్యాస్ గీజర్ బాత్రూం లోపల ఉంటే దాన్ని బయట గాలి ఆడే చోటికి మార్చాల్సిందే. అది మండినప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. తలుపులు మూసుకున్న చిన్న గదిలో నిమిషాల్లో మనిషిని పడగొడుతుంది. గ్లాసు పెట్టి గదిని ఇంకా బిగించాక ఆ ముప్పు పెరుగుతుంది తప్ప తగ్గదు.

2. డోర్ కావాలా, ఒక్క పలక చాలా?

కదలని ఒక్క గ్లాసు పలక నిలబెట్టి, పక్కన మనిషి వెళ్లేంత దారి వదిలేయడం అన్నిటికన్నా సులువైన పద్ధతి. దీన్ని ఫిక్స్‌డ్ పార్టిషన్ అంటారు. హింజ్‌లు (డోర్ తిరిగే బందులు) ఉండవు, సీళ్లు (సందులు మూసే ప్లాస్టిక్ పట్టీలు) తక్కువ, బకెట్ పట్టుకుని లోపలికి వెళ్లడం తేలిక. షవర్ నీళ్లు పడే వైపు రెండున్నర, మూడు అడుగుల పలక ఉంటే చిందేదంతా దాదాపు అదే ఆపుతుంది. ఇటువైపు ఇళ్లలో సగానికి పైగా దీనితోనే పని జరిగిపోతుందని నా అభిప్రాయం. డోర్ అడగడానికి ముందు దీన్ని ఒకసారి మనసులో వేసి చూసుకోండి.

డోర్ నిజంగా అవసరమయ్యేది, షవర్ భాగం ఇరుకై నీళ్లు దారిలోకి చిందుతున్నప్పుడు. చలికాలంలో వేడి లోపలే నిలవాలనుకునేవాళ్లకు కూడా డోరే సరి. తెరుచుకునే డోర్‌కు ముందు రెండు అడుగుల ఖాళీ కావాలి, అది కమోడ్‌కో బాత్రూం తలుపుకో తగలకూడదు. డోర్ బయటికే తెరుచుకోవాలి. లోపల ఎవరైనా జారి పడితే, లోపలికి తెరుచుకునే డోర్‌కు వాళ్లే అడ్డం పడతారు. డోర్ ఖాయం చేసుకోకముందే పెన్సిల్‌తో గచ్చు మీద డోర్ తిరిగే గీత గీయించండి, సగం అనుమానాలు అక్కడే తీరతాయి.

జరిపే డోర్ చోటు మిగులుస్తుంది. కానీ దాని చక్రాలు నడిచే పట్టీలో సబ్బు నురుగు, వెంట్రుకలు, బోరు నీళ్ల తెల్ల ముద్ద చేరి కొన్నాళ్లకు చక్రాలు బిగుసుకుంటాయి. పట్టీ కింద కాకుండా పైన ఉండి, కింద చిన్న గైడ్ మాత్రమే ఉండే రకం తీసుకుంటే ఆ బాధ తక్కువ. ఒకదాని వెనక్కి ఒకటి జరిగే రెండు గ్లాసుల మధ్య తుడవడానికి చెయ్యి పట్టదు, ఇది షోరూంలో ఎవరూ చెప్పరు.

3. గచ్చు, గట్టు, గోడ: టైల్స్‌కు ముందు

గచ్చు మీద పారే నీళ్లను గ్లాసు ఆపదు, పక్కకు మళ్లిస్తుంది అంతే. ఆపేది వాలు. షవర్ భాగంలో నానీ ట్రాప్ (గచ్చులో నీళ్లు పోయే జాలి) వైపు అడుగుకు రెండు సూత్‌ల వాలు అడగండి. సూత్ అంటే అంగుళంలో 8వ వంతు, దాదాపు 3 మిల్లీమీటర్లు. మూడు అడుగుల దూరానికి ఇది ముప్పావు అంగుళం అవుతుంది. మేస్త్రీ ‘ఉంది సార్’ అంటే సరిపోదు. టైల్స్ అతికించే ముందు, తర్వాత రెండుసార్లు ఒక బకెట్ నీళ్లు కుమ్మరించి చూడండి. నీళ్లు ఎక్కడ నిలిచాయో, ఎటు పారాయో మీ కళ్లతోనే కనిపిస్తుంది. పొడి భాగానికి కూడా అదే ట్రాప్ వైపు కొంచెం వాలు ఉండాలి, లేదా దానికి విడిగా ఒక ట్రాప్ ఉండాలి. గ్లాసు మధ్యలోకి వచ్చాక పొడి వైపు కడిగిన నీళ్లు పోవడానికి దారి లేని బాత్రూంలు చాలా ఉన్నాయి.

గ్లాసు కూర్చునే చోట గ్రానైట్ పట్టీ వేయించండి. నాలుగంగుళాల వెడల్పు, అంగుళంన్నర ఎత్తు చాలు. కరీంనగర్ టాన్ బ్రౌన్ ముక్కలు ఇక్కడ ఏ గ్రానైట్ షాపు వెనక చూసినా దొరుకుతాయి, వంటగది ప్లాట్‌ఫాం పనిలో మిగిలిందైనా పనికొస్తుంది. పట్టీ పైభాగం షవర్ వైపుకు ఒక్క సూత్ వాలి ఉండాలి. మట్టంగా వేస్తే గ్లాసు అడుగున నీళ్లు నిలిచి, సందులు మూసే సిలికాన్ నల్లబడుతుంది, బయటికి వాలితే ఇక చెప్పక్కర్లేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, వీల్‌చైర్ వాడేవాళ్లు ఇంట్లో ఉంటే ఈ గడప కాలికి తగులుతుంది. అప్పుడు గట్టు మానేసి, షవర్ భాగం మొత్తాన్ని అర అంగుళం దింపి, దారి వెంబడి పొడుగు జాలి వేయించడం సరైన పద్ధతి. దీనికి స్లాబు దగ్గర లోతు కావాలి కాబట్టి పాత గచ్చు తవ్వినప్పుడే తేల్చుకోవాలి.

ఇక గోడ. డోర్ బరువంతా రెండు హింజ్‌ల మీద, ఆ హింజ్‌లు గోడలోని నాలుగైదు స్క్రూల మీద ఆధారపడతాయి. తొమ్మిది అంగుళాల ఎర్ర ఇటుక గోడైతే భయం లేదు. నాలుగున్నర అంగుళాల అడ్డుగోడలో కూడా స్క్రూ నిలుస్తుంది, కానీ ఇటుకల మధ్య సందులో కాకుండా ఇటుకలోకి దిగాలి. కొత్త అపార్ట్‌మెంట్లలో వాడే తెల్లని తేలికపాటి బ్లాకులతోనే ఇబ్బంది. అవి మెత్తగా ఉంటాయి, మామూలు ప్లాస్టిక్ ప్లగ్ వాటిలో వదులైపోతుంది. హింజ్ వచ్చే ఎత్తుల్లో ఆ బ్లాకును కోసి కాంక్రీటు నింపించండి. లేదంటే కెమికల్ యాంకర్ (స్క్రూను గోడలో జిగురుతో పట్టించే పద్ధతి) వాడమని అడగండి.

హింజ్ వచ్చే చోట టైల్ వెనక సిమెంటు బోలు లేకుండా నిండుగా ఉండాలి. చాలామంది మేస్త్రీలు టైల్ వెనక మధ్యలో ఐదు ముద్దలు పెట్టి అతికిస్తారు. అక్కడ డ్రిల్ పెడితే టైల్ పగులుతుంది. టైల్స్ అయ్యాక నాణెంతో తట్టి వినండి, బోలుగా మోగితే ఆ టైల్‌ను అప్పుడే మార్పించండి. వాటర్‌ప్రూఫింగ్ చేయించిన గోడకు వేసే ప్రతి రంధ్రంలో స్క్రూకు ముందు సిలికాన్ నింపాలి, లేకపోతే నీళ్లు వెనక్కి దిగి పక్క బెడ్‌రూం గోడకు పెచ్చులు లేస్తాయి.

గోడ నిటారుగా ఉందా లేదా అన్నది కూడా ఇప్పుడే తేలాలి. తూకం గుండు వేలాడదీసి చూడమనండి. ఆరున్నర అడుగుల ఎత్తులో రెండు సూత్‌ల తేడా వస్తే గ్లాసుకూ గోడకూ మధ్య సందు కంటికి కనిపిస్తుంది. ప్లాస్టరింగ్‌లో సరిచేయడం మేస్త్రీకి అరగంట పని. గోడ వంకరకు సరిపడా గ్లాసును వాలుగా కోయించొచ్చు కానీ ఆ ముక్క ఇక వేరే ఎక్కడా పనికిరాదు.

షవర్ నల్లా చోటు గురించి ఒక్క మాట. చెయ్యి లోపల పెట్టి, ఒంటి మీద చన్నీళ్లు పడకుండా తిప్పగలిగే చోట ఉండాలి. షవర్ ధార గోడ వైపుకు పడాలి, డోర్ వైపుకు కాదు.

4. గ్లాసు

టఫెన్డ్ గ్లాసు తప్ప వేరేది బాత్రూంలోకి రానివ్వకండి. మామూలు గ్లాసును 600 డిగ్రీల సెల్సియస్ దాటేదాకా వేడి చేసి, ఒక్కసారిగా గాలి కొట్టి చల్లారుస్తారు. పైపొర ముందు గట్టిపడుతుంది, లోపలిది తర్వాత చల్లారి ముడుచుకుంటూ పైపొరను గట్టిగా పట్టి ఉంచుతుంది. దాంతో అది మామూలు గ్లాసు కన్నా నాలుగైదు రెట్లు దెబ్బ తట్టుకుంటుంది. పగిలితే కత్తుల్లాంటి ముక్కలు కాకుండా చిన్న చిన్న పలుకులుగా రాలుతుంది. ఇలా చేసిన తర్వాత దాన్ని కోయడం, రంధ్రం వేయడం కుదరదు, ప్రయత్నిస్తే మొత్తం పలక ఒకేసారి రాలిపోతుంది. కొలత మీద ఇంత పట్టుదల ఎందుకో ఇక్కడే ఉంది.

మూలన చెరగని ముద్ర ఉండాలి. మన దేశంలో సేఫ్టీ గ్లాసు ప్రమాణం ఐఎస్ 2553, మొదటి భాగం. ఐఎస్ఐ గుర్తు, దాని కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్స్ నంబరు చూసి, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడొచ్చు. ముద్ర బిగించాక పైకి కనిపించేలా ఏ మూలన రావాలో ముందే చెప్పండి. స్టిక్కర్‌ను ముద్ర కింద లెక్క కట్టకండి. పోలరైజ్డ్ కూలింగ్ గ్లాసెస్ పెట్టుకుని పక్క నుంచి చూస్తే టఫెన్డ్ గ్లాసులో లేత మరకల వరసలు కనిపిస్తాయి, అది కూడా ఒక గుర్తు.

మందం విషయంలో 8 లేదా 10 మిల్లీమీటర్లు చాలు. చదరపు మీటరుకు ప్రతి మిల్లీమీటరు మందానికి గ్లాసు రెండున్నర కిలోలు తూగుతుంది. రెండు అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల ఎత్తు డోర్ 8 మిల్లీమీటర్లలో దాదాపు 24 కిలోలు, 10లో 30, 12లో 36. ‘12 వేయండి సార్, గట్టిగా ఉంటుంది’ అనే సలహా వినడానికి బాగుంటుంది, మోసేది మాత్రం మీ గోడ, మీ హింజ్‌లు. చుట్టూ ఫ్రేమ్ ఉంటే 6 కూడా నిలుస్తుంది. ఫ్రేమ్ లేని డోర్‌కు 8 కన్నా తగ్గొద్దు.

టఫెన్డ్ గ్లాసు ఎవరూ ముట్టకుండానే పగిలిన సంఘటనలు వింటుంటాం. తయారీలో లోపల చిక్కుకున్న నికెల్ సల్ఫైడ్ రవ్వ కాలక్రమంలో ఉబ్బడం ఒక కారణం. హీట్ సోక్ టెస్ట్ (మళ్లీ వేడి చేసి చూసే పరీక్ష) చేయిస్తే అలాంటి పలకలు చాలావరకు ఫ్యాక్టరీలోనే పగిలిపోతాయి. అంతకన్నా మామూలు కారణం అంచు దెబ్బ: మూల టైల్‌కు తగలడం, మోసేటప్పుడు గచ్చు మీద ఆనించడం. చిన్నపిల్లలున్న ఇంట్లో గ్లాసు బయటి వైపు సేఫ్టీ ఫిల్మ్ వేయిస్తే, పగిలినా పలుకులు ఫిల్మ్‌ను పట్టుకుని ఉంటాయి. దీనికయ్యే ఖర్చు వృథా కాదు.

రంగు, రూపం దగ్గర మన నీళ్లే తీర్పు చెబుతాయి. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఉంటాయి. చుక్క ఆరిపోగానే తెల్లని మచ్చ మిగులుతుంది, అదే పేరుకుని పొర కడుతుంది. నల్ల గ్లాసు, గ్రే గ్లాసు మీద ఈ మచ్చలు మొదటి వారంలోనే కనిపిస్తాయి. ఇసుకతో గరుకు చేసిన ఫ్రాస్టెడ్ గ్లాసులో మురికి గరుకులోకి చేరి పోదు. చాటు కావాలంటే యాసిడ్‌తో గరుకు చేసిన యాసిడ్ ఎచ్‌డ్ రకం తీసుకుని నున్నటి వైపు షవర్‌కు, గరుకు వైపు బయటికి పెట్టించండి. నిలువు గీతల ఫ్లూటెడ్ గ్లాసు ఇప్పుడు ఫ్యాషన్, దాన్ని కూడా నున్నటి వైపు లోపలికి వచ్చేలా బిగిస్తేనే తుడవగలరు. రోజూ తుడిచే ఓపిక ఉంటే క్లియర్ గ్లాసంత హాయి లేదు, గది కూడా పెద్దగా కనిపిస్తుంది. మామూలు క్లియర్ గ్లాసు అంచున ఆకుపచ్చగా కనిపించేది అందులోని ఇనుము వల్ల. తెల్ల టైల్స్ పక్కన అది నచ్చకపోతే ఎక్స్‌ట్రా క్లియర్ అడగాలి, ధర పెరుగుతుంది.

5. హింజ్‌లు

డబ్బు మిగుల్చుకోవాలని చూసే చోటు ఇది కాకూడదు. స్టీలు 304 గ్రేడ్ అడగండి. 202 గ్రేడ్ కూడా చూపుకు అలాగే మెరుస్తుంది, తడి బాత్రూంలో తుప్పు చుక్కలు వేస్తుంది. అయస్కాంతం పెట్టి చూడడం నమ్మకమైన పరీక్ష కాదు, రెండు గ్రేడ్లూ దాదాపు అంటవు. బిల్లు మీద గ్రేడ్ రాయించుకోవడమే దారి. ఇత్తడి మీద క్రోమ్ పూత ఉన్నవి కూడా మంచివే. జింక్ పోత మీద పూత వేసినవి మాత్రం వద్దు.

హింజ్ డబ్బా మీద ఎన్ని కిలోలు మోస్తుందో రాసి ఉంటుంది. మీ డోర్ బరువును పైన చెప్పిన లెక్కతో వేసి, దానికన్నా ఎక్కువ మోసేదే తీసుకోండి. గోడకు బిగించేది, గ్లాసుకు గ్లాసు బిగించేది వేర్వేరు రకాలు. డోర్‌ను ఇంకో గ్లాసు పలకకు వేలాడదీస్తే ఆ పలక పైన గోడకు స్టీల్ రాడ్ తప్పనిసరి.

6. కొలత

టైల్స్, గ్రానైట్ పట్టీ, గ్రౌట్ (టైల్స్ సందులు నింపడం) అన్నీ పూర్తయ్యాకే తుది కొలత. ప్లాన్ కాగితం చూసి, టైల్స్ సగంలో ఉండగా తీసుకున్న కొలతతో గ్లాసు చేయించనివ్వకండి. వెడల్పు కింద, నడుమ, పైన మూడు చోట్ల కొలవాలి, ఎత్తు రెండు వైపులా, ఆపైన మూల నుంచి మూలకు. మిల్లీమీటర్లలో రాయమనండి, అంగుళాలు, సూత్‌లు కలిపి రాసిన చీటీ చదవడంలో తప్పులు దొర్లుతాయి. బిగించేవాడే కొలిస్తే బాధ్యత ఒకరిదే అవుతుంది.

ఎత్తు ఆరున్నర నుంచి ఏడు అడుగులు బాగుంటుంది. పైకప్పు దాకా తీసుకెళ్తే ఆవిరి బయటికి పోదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉన్నా పైన ఖాళీ వదలాలి.

7. కొటేషన్ చదవడం

గ్లాసును చదరపు అడుగుల్లో లెక్క కడతారు, కానీ చాలా చోట్ల అసలు సైజుకు కాదు. 3 లేదా 6 అంగుళాల మెట్టుకు పైకి లాగి లెక్కిస్తారు. మీ పలక 31 అంగుళాల వెడల్పు, 79 అంగుళాల ఎత్తు ఉందనుకోండి. నిజానికి 17 చదరపు అడుగులు. 6 అంగుళాల మెట్టు లెక్కలో అది 36, 84 అయి, 21 చదరపు అడుగులకు డబ్బు కడతారు. ఫిక్స్‌డ్ పలక అయితే 30, 78 అంగుళాలకు కుదించుకుంటే చాలు, 16 చిల్లరకే బిల్లు పడుతుంది. షాపులో ఏ మెట్టు వాడతారో ముందే అడగండి.

రంధ్రాలు, కటౌట్లు, అంచు పాలిష్, హింజ్‌లు, రవాణా, బిగింపు, జీఎస్టీ ఏవి ధరలో ఉన్నాయో, ఏవి విడిగానో రాయించుకోండి. టఫెనింగ్ హైదరాబాద్ ప్లాంటులో చేయిస్తుంటే, దారిలో పగిలితే ఎవరి ఖర్చో కూడా అందులోనే ఉండాలి. మూడు షాపుల్లో అడిగినప్పుడు మందం, గ్రేడ్, కంపెనీ మూడూ ఒకటేగా ఉంటేనే ధరలు పోల్చండి.

8. బిగించే రోజు

గ్లాసు రాగానే బిగించకముందే వెలుతురులో చూడండి: ముద్ర, గీతలు, అంచుల్లో పెచ్చు. అంచున చిన్న పెచ్చు ఉన్నా తిప్పి పంపాలి. గోడకు ఆనించేటప్పుడు కింద అట్టముక్కలు గానీ చెక్కలు గానీ ఉండాలి. గ్లాసు ఎక్కడా టైల్‌కు, లోహానికి నేరుగా తగలకూడదు, మధ్యలో రబ్బరు ఉండాలి. డోర్ కింద దాదాపు 10 మిల్లీమీటర్ల సందు వదిలి, దాన్ని సీలుతో మూస్తారు.

సిలికాన్ న్యూట్రల్ రకం, బూజు పట్టనిది కావాలి. వెనిగర్ వాసన వచ్చే రకం చవక, కానీ పాలరాయి మీద మచ్చ వేస్తుంది. బయటి వైపు అంచంతా, లోపల మాత్రం పలుచగా వేయించండి. వేశాక ఒక రోజంతా షవర్ వాడకండి, పిల్లల కోసం తలుపుకు గడియ పెట్టేయడం మంచిది.

మనుషులు వెళ్లకముందే డోర్‌ను సగం తెరిచి వదిలి చూడండి, దానంతట అది ఊగిపోకూడదు.

9. వాడకం

స్నానం కాగానే చేతి వైపర్‌తో పై నుంచి కిందికి లాగితే తెల్ల మచ్చ పట్టదు. పట్టినదానికి వెనిగర్, నీళ్లు సమంగా కలిపి ఐదు నిమిషాలు ఉంచి తుడవండి. పాలరాయి గచ్చు మీద అది పడకూడదు. బాత్రూం యాసిడ్ హింజ్‌ల పూత తినేస్తుంది, గ్లాసు దగ్గరకు రానివ్వకండి. నీళ్లు జారిపోయే నానో కోటింగ్ పనిచేస్తుంది కానీ కొన్నాళ్లకు అరిగిపోతుంది, మళ్లీ వేయించాలి.

ప్లాస్టిక్ సీళ్లు పచ్చబడి గట్టిపడితే మార్చేయండి, పెద్ద ఖర్చు కాదు. డోర్ కింది సీలు గ్రానైట్ పట్టీకి రాసుకుంటూ చప్పుడు మొదలైతే హింజ్ స్క్రూలు వదులై డోర్ దిగుతోందని అర్థం. అప్పుడు డోర్‌ను తెరిచి ఉంచకుండా మూసేసి, బిగించినతన్ని పిలిచి సరిచేయించాకే మళ్లీ వాడండి.